దుప్పట్ల మడతల్లో ఇసుక చామంతి

లాడ్జీల వీధి వెనక, సముద్రానికి కూతవేటు దూరంలో, ఆ తోడికోడళ్లిద్దరూ లాండ్రీ నడిపేవారు. లాడ్జీల నుంచి వచ్చిన దుప్పట్లూ దిండు గలీబులూ ఉతికి, పెరటి ఇసుక దిబ్బ మీద కట్టిన తాళ్లకి ఆరేసి, ఇస్త్రీ చేసి తిరిగి పంపడం వాళ్ల పని. ఉతుకుడు పెద్దకోడలిది, ఇస్త్రీ చిన్నకోడలిది. పొద్దస్తమానం పక్కపక్క గదుల్లోనే ఉండేవారు గానీ ఇద్దరి మధ్యా మాటలు లేవు.

మాటలు ఆగిపోయి చాలాకాలమైంది. చిన్నకోడలి భర్త లాండ్రీ వ్యాను నడుపుతాడు. ఒక వానరోజు ఆ వ్యాను కల్వర్టు దగ్గర బోల్తా పడింది. ఫోను తీసింది పెద్దకోడలే. విని, పెట్టేసి, ఇటు తిరిగి, "వ్యాను పడిపోయిందట. బట్టలన్నీ బురదే" అంది. చిన్నకోడలు ఆ మాట మనసులో పెట్టుకుంది. మనిషి ఎలా ఉన్నాడో చెప్పకుండా బట్టల సంగతి ఎత్తినావిడతో తనకేం మాటలని మాట్లాడ్డం మానేసింది. భర్త మోచెయ్యి గీరుకుపోవడం తప్ప మరేమీ కాకుండా నడిచి ఇంటికొచ్చాడు. అయినా ఆమె పట్టు వదల్లేదు. అతను ఏదో చెప్పబోతే, "మీకు తెలీదు, మీరూరుకోండి" అనేది. అతను ఊరుకున్నాడు.

అప్పటినుంచి పని మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచేవి.

"అత్తయ్యా, గంజి మరీ చిక్కగా ఉందని చెప్పండి" అని ఇస్త్రీ గదిలోంచి.

"ఇంకా పలచన చేస్తే అది దుప్పటి కాదు, చేపల వల అవుతుందని చెప్పండత్తయ్యా" అని ఉతికే గదిలోంచి.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారికి చెవులు సరిగా వినపడవు. అటూ ఇటూ చూసి, "సరే, చెప్తాలే" అనేది. ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఇద్దరికీ వినపడేది.

పెరటి దిబ్బంతా ఇసుక చామంతి అల్లుకుని ఉండేది. నేలను కరచుకుని పాకే మొక్క. మందపాటి ఆకుల మీద సన్నని నూగు, పసుపు రేకులు, నడుమ తుప్పు రంగు బొడ్డు. వాసన బొత్తిగా లేదు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. చిన్నకోడలికి దాని మీద పెద్ద ఇష్టమేమీ లేదు. బుట్ట మోసుకెళ్లేటప్పుడు పూలు తొక్కకుండా అడుగు వేసేది, అంతే.

ఒకనాడు పెద్ద లాడ్జీ మేనేజరు దుప్పట్ల మూట పట్టుకుని తనే వచ్చాడు. మడతలు విప్పి చూపించాడు. ప్రతి మడతలోనూ గుండ్రటి పసుపు మరక. ఒకదాంట్లో నలిగిపోయిన పువ్వే దొరికింది.

"ఇవేం మరకలని గెస్టులు అడుగుతున్నారమ్మా. నన్నేం చెప్పమంటారు?"

పెద్దకోడలు అత్తగారివైపు తిరిగింది. "మడతలు పెట్టేవాళ్లకి కళ్లు కనపడవేమో అడగండత్తయ్యా."

చిన్నకోడలికి ఒళ్లు మండింది. "తాళ్ల మీంచి తీసేటప్పుడే దులపాలని చెప్పండత్తయ్యా."

"సరే, చెప్తాలే" అని అత్తగారు మేనేజరుతో అంది. అతను తెల్లమొహం వేశాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దకోడలు పార పట్టుకుని దిబ్బ మీదికెళ్లింది. తీగల్ని వేళ్లతో సహా పెళ్లగించి, గోడ అవతల కుప్ప పోసింది. చిన్నకోడలు గుమ్మంలో నిలబడి చూసింది. ఎందుకో వద్దనాలనిపించింది. వద్దనాలంటే మాట్లాడాలి. లోపలికెళ్లి ఇస్త్రీపెట్టె వేడి పెట్టుకుంది.

గాలులు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. తీగలు పట్టి ఉంచిన ఇసుకంతా లేచి తడిబట్టల మీద పడేది. జాడించినవే మళ్లీ జాడించలేక పెద్దకోడలి తలప్రాణం తోకకొచ్చింది. ఇస్త్రీపెట్టె కింద దుప్పటి కరకరలాడేది. మేనేజరు మళ్లీ వచ్చాడు. "సముద్రం చూడ్డానికొస్తారమ్మా జనం. పక్కలో వేసుకుని పడుకోడానికి కాదు" అన్నాడు. పోతూ పోతూ ఇంకో దుప్పటి విప్పి చూపించాడు. పసుపు మరకలు తగ్గనే లేదు.

ఆ సాయంత్రం చిన్నకోడలు టీ తాగి ఇస్త్రీ గదిలోకి వచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గర నిలబడి ఉంది. ఒడి నిండా ఇసుక చామంతులు. గోడ అవతల, కుప్పలోంచే మళ్లీ పాకిన తీగల నుంచి కోసుకొచ్చినట్టుంది. మడత విప్పి, పువ్వు పెట్టి, జాగ్రత్తగా మూసి, పైన అరచేత్తో రాస్తోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?" చెవి దగ్గర వంగి అడిగింది.

"వాసనకి. పడుకోగానే హాయిగా ఉంటుంది."

"ఈ పువ్వుకి వాసనుండదు."

"లేకేం, నాకొస్తోందిగా."

 ఈ మాట తోడికోడలికి చెప్పి తీరాలి. అత్తగారి మీదుగా చెప్పే మాట కాదు. చిన్నకోడలు ఉతికే గదిలోకెళ్లి, "అక్కా" అంది.

నీళ్లలో పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి.

"పూలు పెడుతున్నది అత్తయ్య. వాసన కోసమట."

పెద్దకోడలు చేతులు తుడుచుకుని, తొంగిచూసి వచ్చింది. "నీ పనే అనుకున్నాను" అంది.

"నేనూ నీ పనే అనుకున్నా." అక్కడితో ఆపాల్సింది, ఆపలేకపోయింది. "ఆ రోజు మనిషి సంగతి ముందు చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఏ రోజు?"

"వ్యాను పడ్డ రోజు."

పెద్దకోడలికి గుర్తు చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "ఫోను చేసింది మా మరిదే కదే. గొంతు నిక్షేపంలా ఉంది. అందుకే బట్టల మాటెత్తాను."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా."

"చెప్పేలోపే తలుపేసుకున్నావు. ఇస్త్రీ ఎక్కువైందని అలిగావనుకున్నా."

భర్త ఇన్నాళ్లూ చెప్పబోయింది ఇదేనేమోనని చిన్నకోడలికి అప్పుడు తట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తోడికోడలి మాట పూర్తిగా నమ్మిందనీ లేదు. బకెట్టుకి ఒక పక్క తను పట్టుకుంది, రెండో పక్క ఆవిడ పట్టుకుంది.

ఆ వారమే ఇద్దరూ గోడ అవతల తీగలు కోసుకొచ్చి దిబ్బ మీద నాటారు. ఆఖరి జాడింపు నీళ్లు పోశారు. సబ్బు పడక కొన్ని మాడిపోయాయి. గాలులు తగ్గేదాకా దుప్పట్లు వరండాలోనే ఆరాయి, వాటిని తప్పించుకుంటూ అన్నాలు తిన్నారు. అత్తగారికి చిరిగిన గలీబులు ఒక దొంతర వేరుగా ఇచ్చారు. వాటికి పూలు పెట్టుకోవడం ఆవిడ పని, అవి ఏ లాడ్జీకీ వెళ్లవు.

మాటలు మొదలయ్యాయని ప్రేమలేమీ పొంగిపొర్లలేదు. తీగలు వరసగా నాటాలని పెద్దకోడలు, పాకేదానికి వరసేమిటని చిన్నకోడలు దిబ్బ మీద మోకాళ్ల మీద కూర్చుని వాదించుకున్నారు. సగం వరసలోనూ సగం ఎలాపడితే అలానూ నాటారు. రెండువైపులా కొన్ని బతికాయి.