బంధువు కాని బిడ్డ

మైత్రీవనం వెనక సందులో ఇరవై ఎనిమిదేళ్లు ప్యాంట్లు కుట్టిన ఐలయ్య, చూపు మందగించడంతో 2007లో దుకాణం అమ్మేశాడు. వచ్చిన డబ్బులో తనకూ భార్య రాజమ్మకూ కొంత ఉంచుకుని, పిల్లలిద్దరికీ చెరి రెండు లక్షలు ఇద్దామనుకున్నాడు. కొడుకు రిషి పేర వెంటనే చెక్కు రాసిచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మధులత మాత్రం, "ఆగు బాపూ, పన్ను సంగతి అడిగినంక తీసుకుంట" అంది.

మధులత అతనికి పుట్టిన పిల్ల కాదు. దుకాణంలో కాజాలు కుట్టిన లచ్చమ్మ కూతురు. తండ్రి ఎటో వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. లచ్చమ్మ జ్వరంతో పోయిన రోజు ఆరేళ్ల పిల్లను రాజమ్మ చంకనేసుకుని ఇంటికి తెచ్చింది. ఆ పిల్లను ఇంకెక్కడికో పంపాలన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఐలయ్య, మధులత పంజగుట్టలో జోగారావు ఆఫీసుకు వెళ్లారు. మధులత ఆదాయపు పన్ను రిటర్నులు వేసేది ఆయనే. సంగతంతా విని ఆయన కాస్త ఇబ్బందిగా చెప్పాడు.

"కన్నకొడుక్కి ఎంతిచ్చినా పన్ను లేదండి. చట్టం ప్రకారం ఈ అమ్మాయి మీకు బంధువు కాదు. ఏడాదిలో యాభై వేలు దాటితే మొత్తం ఆమె ఆదాయంలో కలుపుతారు. రెండు లక్షలకి అరవై వేల పైనే పన్ను పడుతుంది."

"బంధువు కాదా? మరేమైతది?" అన్నాడు ఐలయ్య.

"బయటివాళ్ల కిందే లెక్కండి."

ఐలయ్య కుర్చీలోంచి లేచాడు. "గీమెకు అమ్మోరు పోసినప్పుడు పదకొండు దినాలు మంచం పక్కనే కూసున్న సార్. బయటోని లెక్క కూసున్ననా?"

మధులత అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చిన్నప్పుడే దత్తత తీసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు," అన్నాడు జోగారావు.

"ఇప్పుడు తీసుకుంట."

"పదిహేనేళ్లు దాటాక కుదరదండి. పెళ్లికైతే ఎవరెంత ఇచ్చినా పన్ను లేదు."

"పన్ను తప్పించుకోనీకి పెళ్లి చేసుకోమంటరా సార్?" అంది మధులత. ఆయన నవ్వేశాడు.

"అయితే ఏడాదికి యాభై వేలు దాటకుండా ఇవ్వమను. ఇంకే బయటివాళ్ల దగ్గరా కానుకగా డబ్బు తీసుకోకు, అదీ ఈ లెక్కలోనే కలుస్తుంది. నాలుగేళ్లలో అయిపోతుంది."

"నాలుగేండ్లా!" అన్నాడు ఐలయ్య. "నాకు అరవై తొమ్మిది. గంత దాక ఉంటనో పోతనో."

"ఉండాలె. నాలుగు చెక్కులు నీ చేత్తోనే ఇయ్యాలె," అంది మధులత. ఇక బేరం లేనట్టు చెప్పింది.

మొదటి యాభై వేలు ఇస్తున్నట్టు జోగారావు కాగితం రాయడం మొదలుపెట్టాడు. ఇచ్చేవారి పేరు, పుచ్చుకునేవారి పేరు రాశాక సంబంధం దగ్గర పెన్ను ఆపాడు.

"పెంచిన తండ్రి అని రాయండి సార్," అంది మధులత.

"రాసినా పన్ను దగ్గర ఏమీ మారదమ్మా."

"ఎరికే సార్. నా పదో తరగతి మెమో నుంచి పాస్‌పోర్టు దాకా ఎటో పోయిన ఆయన పేరే ఉంది. బాపు పేరు ఒక్క కాగితంల సుత లేదు."

జోగారావు అలాగే రాశాడు. ఐలయ్య ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాడు. మధులత అతని వేలు పట్టి ఆ అక్షరాల మీద పెట్టింది. అతను కాసేపు వేలు తియ్యలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని సంతకం చేశాడు.

మెట్లు దిగుతూ, "జిరాక్స్ తీపియ్యి. మీ అమ్మకు చూపెట్టాలె," అన్నాడు. ఎన్ని కావాలంటే ఐదన్నాడు. రోడ్డు మీద ట్రాఫిక్ రొదలో ఐదు కాపీలూ చొక్కా లోపల పెట్టుకుని, పైన చెయ్యి ఆనించి నడిచాడు.

మిగతా మూడు చెక్కులూ ఏడాదికొకటిగా తనే పంజగుట్ట ఆఫీసుకు వెళ్లి, కాగితం రాయించి ఇచ్చాడు. చివరిది ఇచ్చిన రోజు మధులత ఐలయ్యనూ రాజమ్మనూ సోమాజిగూడలో ఒక పెద్ద హోటలుకు భోజనానికి తీసుకెళ్లింది. ఐలయ్య ధరలు చదివించుకుని బెంబేలెత్తాడు. రాజమ్మ మాత్రం ఏ ఫికరూ లేకుండా ఐస్‌క్రీం రెండోసారి తెప్పించుకుంది.