ట్యాబ్ నొక్కితే ఏ గడికి?

మాధవీలతకు పుట్టుకతోనే చూపు లేదు. 2012లో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక కార్గో ఆఫీసులో బుకింగులు ఎక్కించే ఉద్యోగం దొరికింది. సాతంరాయి నుంచి రోజూ బస్సులో వచ్చేది. తెర మీది రాతను సాఫ్ట్‌వేర్ చెవిలో చదువుతుంటే, కౌంటర్ దగ్గర మనుషులు చెప్పింది చెప్పినట్టు టైపు చేసేది.

చిక్కల్లా కొత్త ఫారంతో వచ్చింది. పేరు రాసి ట్యాబ్ నొక్కితే ఊరి గడికి పోవలసిన కర్సర్, బరువు గడిలోకి దూకేది. ఇంకోసారి నొక్కితే చెవిలో "బటన్" అని మాత్రం వినిపించేది. ఏ బటనో చెప్పేది కాదు. ఒకరోజు సేవ్ అనుకుని ఎంటర్ కొట్టింది. అది రద్దు బటన్. పూలు పంపడానికి వచ్చిన చెన్నయ్య అప్పటిదాకా చెప్పిన గులాబీ పెట్టెల వివరాలన్నీ చెరిగిపోయాయి.

"మళ్ల మొదటికెల్లి చెప్పాల్నా బిడ్డా?" అన్నాడాయన.

మాధవీలత మళ్లీ పేరు గడి నుంచి మొదలుపెట్టింది.

మేనేజర్ నరసరాజు మంచి మనిషే. "పక్కన ఎవరినైనా సాయం కూర్చోబెట్టమంటావా అమ్మా?" అన్నాడు.

"వద్దు సార్. పని నాకొస్తది. ఫారమే తొవ్వ తప్పుతున్నది. చేసినోళ్లను జర పిలిపియ్యిండ్రి."

మర్నాడు ఫారం తయారుచేసిన చిన్మయి వచ్చింది. "మౌస్‌తో అయితే అన్నీ బాగానే పనిచేస్తున్నాయండీ."

"బాణం గుర్తు ఏడున్నదో నాకెట్ల తెలుస్తదక్కా? కండ్లు మూసుకొని మీరే ఒక్క బుకింగ్ చేసి చూడుండ్రి" అని మాధవీలత హెడ్‌ఫోన్ అందించింది.

టక్, టక్, టక్. కళ్లు మూసుకున్న చిన్మయి వేళ్లు ఆగిపోయాయి.

"నేనిప్పుడు ఎక్కడున్నానండీ?"

ఆఫీసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా చిన్మయే నవ్వింది.

"గడులు చేసిన వరసలోనే ట్యాబ్ తిరిగే నంబర్లు పడ్డాయి. తర్వాత వాటిని అటూ ఇటూ జరిపాను గానీ, నంబర్లు మార్చనే లేదు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. జనం నోట వచ్చే వరస మాధవీలత చెప్పింది: పేరు, ఊరు, సరుకు, పెట్టెలు, బరువు. అదే వరసలో చిన్మయి నంబర్లు వేసింది. ప్రతి బటన్‌కూ పేరు పెట్టి, రద్దును అన్నిటికన్నా చివరికి తోసింది.

"ఇంకోటక్కా. తప్పు రాస్తే కర్సర్ యాడికో పోకుండా, ఆ గడికే తీస్కపోవాలె."

అదీ అయ్యింది. సాయంత్రం చెన్నయ్య మళ్లీ పూలపెట్టెలు దింపాడు. ఆయన చెప్తుంటే మాధవీలత వేళ్లు ఎక్కడా తడబడలేదు. ఆయన గొంతు సవరించుకునేలోపే ప్రింటర్ గరగరలాడింది.

"గప్పుడే అయిందా!"

"అయింది బాపు. చీటీ తీస్కో" అంది మాధవీలత, నవ్వాపుకోలేక.

వెళ్లబోతూ చిన్మయి ఆమె చేయి పట్టుకుంది. "మా దగ్గర ఇంకో నాలుగు ఫారాలు తయారవుతున్నాయండీ. బయటికి పంపేముందు మీరొకసారి చూసిపెట్టాలి."

"నేను మస్తు తప్పులు ఎంచుతనక్కా."

"అందుకే పిలుస్తున్నాను!"