సి సెక్షన్‌కి పావుగంట

ఆ స్కూల్లో నెలకోసారి, రెండో ఆదివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూడవచ్చు. ఎంతసేపు చూడవచ్చన్నది ఆ నెల పరీక్షలో వచ్చిన మార్కుల్ని బట్టి ఉంటుంది. ఎ సెక్షన్ తల్లిదండ్రులకి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. వాళ్లకి షామియానా, కుర్చీలు, మధ్యాహ్నం భోజనం. బి సెక్షన్‌కి గంట, వరండాలో. సి సెక్షన్‌కి పావుగంట. గేటు లోపల అడ్డంగా ఒక వెదురు బొంగు కడతారు. అటు పిల్లలు, ఇటు పెద్దలు నిలబడి మాట్లాడుకోవాలి. ఇంటి నుంచి తెచ్చిన తిండి ఎ, బి సెక్షన్ల వాళ్లు పిల్లలకి పెట్టుకోవచ్చు. సి సెక్షన్ వాళ్లు తెచ్చింది వాచ్‌మన్ పోలయ్య తీసుకుని తన గది అరుగు మీద పెడతాడు. వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాడు.

ఈ పద్ధతి కిందటేడు పెట్టారు. ప్రిన్సిపాల్ తల్లిదండ్రుల మీటింగు పెట్టి, పిల్లల్లో కసి పుట్టాలంటే ఇదొక్కటే దారని చెప్పాడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. ఎంట్రన్స్ రాయించి సీట్లు తెచ్చుకున్నవాళ్లు వాళ్లు. తమ పిల్ల సి సెక్షన్‌కి వెళ్తుందని ఆ రోజు హాల్లో ఒక్కరూ అనుకోలేదు.

సత్యం ఆ మీటింగులో లేడు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. సొంతూరు కాట్రేనికోన. అతను వెళ్లేటప్పటికి కూతురు రేవతి ఆరో క్లాసు. 2003 ఆగస్టు చివర్లో, మూడేళ్ల తర్వాత, ఇరవై రోజుల సెలవు మీద వచ్చాడు. అప్పటికి రేవతి తొమ్మిదో క్లాసు, అమలాపురం బయట ఉన్న ఈ స్కూలు హాస్టల్లో ఉంది. కాట్రేనికోన నుంచి ఈ స్కూల్లో సీటు వచ్చింది ఇద్దరికే. ఒకరు రేవతి. రెండోవాడు కొబ్బరికాయల వ్యాపారం చేసే బాపిరాజు కొడుకు కిషోర్.

దిగిన మర్నాడు సత్యం స్కూలుకి ఫోన్ చేసి, పిల్లని రెండ్రోజులు ఇంటికి పంపమని అడిగాడు. కుదరదన్నారు. తొమ్మిది నుంచే ఐఐటీకి తయారు చేస్తున్నామని, రెండ్రోజులు పోతే వెనకబడిపోతుందని చెప్పారు. బతిమాలితే రేవతిని ఆఫీసుకి పిలిచి ఫోన్ ఇచ్చారు. రెండో ఆదివారం వస్తానని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెతోనే ఉంటానని సత్యం చెప్పాడు. ఆ తర్వాత మంగళవారం రాత్రే అతని తిరుగు ప్రయాణం. రేవతి స్కూల్లో చేరినప్పటి నుంచి ఎ సెక్షనే. కాబట్టి రోజంతా ఉండవచ్చన్నది అతని లెక్క.

నెల పరీక్ష ఆ ఫోన్ తర్వాత నాలుగు రోజులకి వచ్చింది. రేవతి లెక్కల పేపరు చేతిలోకి తీసుకుని మొదటి లెక్క చదివింది. మళ్లీ చదివింది. ఈ లెక్క రాకపోతే నాన్నకి ఎంతసేపు పోతుందో అన్నది తప్ప ఇంకేమీ తలకెక్కలేదు. మార్కులు తగ్గితే ఏం జరుగుతుందో తెలిస్తే పిల్లలు బాగా రాస్తారన్నది ప్రిన్సిపాల్ సిద్ధాంతం. రేవతికి బాగా తెలుసు. నాలుగు లెక్కలు వదిలేసింది.

ఆదివారం పొద్దున్న సత్యం, భార్య కామాక్షి మొదటి బస్సుకి బయల్దేరి, ముమ్మిడివరంలో మారి, ఎనిమిదిన్నరకి స్కూలుకి చేరారు. కామాక్షి చేతిలో కేరేజీ ఉంది. అందులో రొయ్యల వేపుడు, పెరుగన్నం. గేటు పక్కన బోర్డు మీద ఆ నెల సెక్షన్లు అతికించి ఉన్నాయి. దాని ముందు జనం మూగి ఉన్నారు. ముందు వరసలో ఉన్న బాపిరాజు వీళ్లని చూసి గట్టిగా పలకరించాడు.

"రండి సత్యం గారూ. మావాడు ఎ లోనే ఉన్నాడండి, ఏడో రాంకు. మీ రేవతి పేరు మాత్రం ఇటు కనపడట్లేదేంటండీ?"

సత్యం ఎ జాబితా రెండుసార్లు చూశాడు. బి చూశాడు. కామాక్షి సి జాబితాలో ఒక పేరు మీద వేలు పెట్టింది.

"పరవాలేదు లెండి," అన్నాడు బాపిరాజు. "ఆడపిల్లలు ఈ వయసులో కొంచెం జారతారు. మావాడు చెప్తూనే ఉన్నాడు." ఆ మాట చెప్పి షామియానా వైపు వెళ్లాడు.

సి సెక్షన్ వరస గేటు బయట, ఎండలో ఉంది. అమలాపురం వెళ్లే బస్సులు పక్కనుంచే పోతున్నాయి. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. ఎవరు ఏ వరసలో ఉన్నారో రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా తెలుసు. సత్యం జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ దాన్ని మొహం మీద అవసరమైన దానికన్నా ఎక్కువసేపు ఉంచుకున్నాడు.

ముందు నిలబడ్డ సూర్యకాంతం వెనక్కి తిరిగి, కొత్తగా వచ్చేరా అని అడిగింది. ఆవిడది ఓడలరేవు. కొడుకు అయిదు నెలలుగా సి లోనే ఉన్నాడు.

"ఆయ్, ఇదే మొదటిసారండి," అంది కామాక్షి.

"అయితే ఒక మాట చెప్తాను వినండి. రాగానే మీరేం మాట్లాడకండి. ముందు ఏడవనిచ్చెయ్యండి. మూడు నిమిషాల్లో అయిపోద్ది. మీరు ముందే నోరిప్పేరనుకోండి, పావుగంటా ఏడుపుకే పోద్దండి. నాకు మొదటి రెండు నెలలు అలాగే పోయేయి."

సత్యం అదేం వినలేదు. ఇలా నిలబెట్టమని వీళ్లకి ఎవరు చెప్పేరని భార్యని అడిగాడు.

"మేమేనండి," అంది కామాక్షి. "చేతులెత్తేం."

పది దాటాక వాళ్ల వంతు వచ్చింది. పోలయ్య కేరేజీ తీసుకుని అరుగు మీద పెట్టాడు. ఎనిమిది మంది పిల్లలు వచ్చి బొంగుకి అవతల నిలబడ్డారు. వాళ్లలో రేవతి ఎవరో సత్యం ఒక క్షణం పోల్చుకోలేకపోయాడు. కామాక్షి చెయ్యి చాపితే తెలిసింది. తల్లి ఎత్తు వచ్చేసింది. కళ్లజోడు వచ్చింది. ఆ సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు.

రేవతి ఏడవలేదు. సత్యం మొదలుపెట్టాడు.

బాపిరాజు ముందు తల కొట్టేసినట్టయిందన్నాడు. యాభై డిగ్రీల ఎండలో కారు తుడిచేది దీనికోసమేనా అన్నాడు. తను రావడం చూసి చదువు గాలికొదిలేసిందా అన్నాడు. కిషోర్‌కి లేని కష్టం రేవతికేమొచ్చిందన్నాడు. పక్క పిల్లల తల్లిదండ్రులు కూడా ఇంచుమించు ఇవే మాటలు అంటున్నారు. బొంగు పొడవునా ఒకటే చప్పుడు. పోలయ్య చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఈ గోల అతను నెలనెలా వింటాడు.

రేవతి తల వంచుకుని విన్నది. తర్వాత తల ఎత్తి, ఎంతసేపయిందని తల్లిని అడిగింది. పది నిమిషాలయిందని కామాక్షి చెప్పింది.

"ఇంకా ఎంతసేపు తిడతారు నాన్నా?" అంది రేవతి. గొంతు పెంచలేదు. "ముందే చెప్పేస్తే, మిగిలిన దాంట్లో నేను మాట్లాడతాను."

సత్యం బొంగుకి దగ్గరగా జరిగాడు.

"మూడేళ్లలో మీరు ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగింది రాంకే. ఇప్పుడు ఎదురుగా వచ్చి కూడా అదే అడుగుతున్నారు. మీరు ఈ వరసలో గంట నిలబడ్డారు. కోపం వచ్చింది. నేను ఇక్కడే ఉంటున్నాను. నాకెంత రావాలి?"

సత్యం బొంగు మీదున్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెప్పాలో వెతుక్కునే లోపల పోలయ్య గంట కొట్టాడు. తక్కిన పిల్లలు వెనక్కి తిరిగారు. సత్యం చెయ్యి వదల్లేదు.

"టైమైపోయిందండి," అన్నాడు పోలయ్య.

"నేనింకా మాట్లాడలేదండి."

"అది నాకు తెలీదండి. రూలండి. తర్వాత బేచ్ వాళ్లు కాసుకునున్నారు."

సత్యం రేవతిని అక్కడే ఉండమని చెప్పి, బొంగు పక్కగా దాటి షామియానాలోకి వెళ్లాడు. ప్రిన్సిపాల్ ఎ సెక్షన్ వాళ్ల మధ్య కుర్చీలో ఉన్నాడు. సత్యం నమస్కారం పెట్టి విషయం చెప్పాడు. మూడేళ్లయిందని, మంగళవారం రాత్రి వెళ్లిపోతానని, మళ్లీ ఎప్పుడొస్తానో తెలియదని, ఈ ఒక్కరోజూ సాయంత్రం దాకా ఉండనివ్వమని అడిగాడు.

ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలన్నాడు. తనకి రేవతి మీద కోపమేమీ లేదన్నాడు. "మీ మేలు కోరే చేస్తున్నామండి. మీకు తెలియందేముంది? పని సరిగ్గా చెయ్యకపోతే మీ యజమాని మాత్రం ఊరుకుంటాడా?"

"ఊరుకోడండి," అన్నాడు సత్యం. "జీతం కోస్తాడు. నా పాస్‌పోర్టు కూడా ఆయన బీరువాలోనే ఉంటుందండి. అంతకన్నా అన్యాయం ఉండదనుకునేవాణ్ణి. కానీ ఆ మడిసి కూడా నా పిల్లని చూసుకోడానికి ఇరవై రోజులు తీసి ఇచ్చేడండి. ఆ ఇరవై రోజుల్లో నాకిక్కడ దక్కింది పావుగంటండి."

పక్క కుర్చీల వాళ్లు ఇటు తిరిగారు. ప్రిన్సిపాల్, అంత బాధగా ఉంటే పిల్లని తీసుకెళ్లిపోవచ్చనీ, టీసీ ఇచ్చేస్తామనీ చెప్పాడు. ఏడాది మధ్యలో ఇలాంటి స్కూలు ఏదీ చేర్చుకోదని కూడా చెప్పాడు. సత్యం చుట్టూ చూశాడు. ఎవరైనా ఒక మాట అంటారేమోనని చూశాడు. బాపిరాజు కొడుకు భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"గొడవెందుకు సత్యం గారూ," అన్నాడు. "వచ్చే నెల ఎక్కేస్తుంది లెండి."

"వచ్చే నెల నేనుండనండి."

"మీ ఆవిడ గారుంటారు కదండీ," అన్నాడు బాపిరాజు.

సత్యం గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. అక్కడ సి సెక్షన్ వాళ్లు అతని మీద మండిపడుతున్నారు. రేవతి కదలకపోవడంతో పోలయ్య తర్వాత బేచ్‌ని పిలవలేదు. వాళ్ల పిల్లలు దూరంగా, చెట్టు కింద వరసలో నిలబడి చూస్తున్నారు. ఇందాక తిరగబడవలసిన చోట తిరగబడనివాళ్లందరికీ ఇప్పుడు గొంతు వచ్చింది. మీ ఒక్కళ్లకే ఉన్నారా పిల్లలు అని ఒకాయన అడిగాడు. తన వంతు అయిపోయినా సూర్యకాంతం ఇంకా వెళ్లలేదు. ఆవిడ కూడా వదల్లేదు. "ఆయన కువైట్ వెళ్లిపోతారండి. మేం కదా వచ్చే నెల మళ్లీ ఇక్కడ నిలబడాలి," అంది.

సత్యం రేవతి వైపు తిరిగాడు. పెట్టె తెచ్చుకో, పోదాం అన్నాడు.

రేవతి లోపలికి వెళ్లలేదు. నడుం వంచి బొంగు కిందనుంచి ఇవతలకి వచ్చింది. అరుగు దగ్గరికి వెళ్లి కేరేజీ తీసుకుంది.

"అది ముట్టుకోకూడదమ్మా," అన్నాడు పోలయ్య.

"మాదేనండి," అంది.

గేటు దాటి, రోడ్డు దాటి, కాలవ తూము దిమ్మ మీద కూర్చుంది. గిన్నెలు విడదీసింది. సత్యం, కామాక్షి వచ్చి చెరో పక్కా కూర్చున్నారు. ఇక్కడెందుకు, ఇంటికే పోదామని సత్యం అన్నాడు. సాయంత్రం దాకా ఉంటానన్నది మీరే కదా, ఉండండి అంది రేవతి. స్కూల్లో ఉన్న వాళ్లంతా చూడాలని కూడా అంది.

ఆమె తింటుంటే సత్యం కళ్లజోడు ఎప్పుడు పెట్టారని అడిగాడు. సంక్రాంతి ముందు అని చెప్పింది. ఫోన్లో రాంకు అడగడం గురించి అతనే మళ్లీ ఎత్తాడు. ఫోన్ కార్డులో నిమిషాలు తక్కువుండేవని, అందుకని ముఖ్యమైంది ముందడిగేవాణ్ణని చెప్పాడు.

"అదా ముఖ్యమైంది?" అంది రేవతి.

సత్యం కువైట్‌లో తను పడుకునే గది గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆ ఇంటి మేడ మీద నీళ్ల టాంకు పక్కన ఉంది. ఇంటివాళ్లు భోజనం చేసే గదిలోకి అతను వెళ్లకూడదు. కామాక్షి కూడా ఇవి వినడం అదే మొదలు. రేవతి మధ్యలో ఆపి ప్రశ్నలడిగింది. అక్కడ ఎవరైనా ఎదురు తిరుగుతారా అని అడిగింది. తిరగరని చెప్పాడు. ఎందుకని అడిగింది. ఎవరి భయం వాళ్లదన్నాడు. ఇక్కడా అంతే అంది.

నాలుగింటికి గేటు తెరిచారు. ఎ సెక్షన్ వాళ్లు బయటికొచ్చారు. బాపిరాజు వీళ్ల వైపు చూడకుండా బస్టాపుకి నడిచాడు. అందరూ వెళ్లాక ప్రిన్సిపాల్ గేటు దాకా వచ్చి రేవతిని పిలిచాడు. ఆమె రోడ్డు దాటి అతని ముందు నిలబడింది. తల్లీ తండ్రీ వెనకే వచ్చారు.

రేపు ప్రార్థనలో అందరి ముందూ తప్పయిందని చెప్పాలన్నాడు ప్రిన్సిపాల్. అలా అయితే ఇప్పుడు లోపలికి రావచ్చు. సత్యం ఏదో అనబోతే కామాక్షి అతని చెయ్యి నొక్కింది.

"రేపు కుదరదండి," అంది రేవతి. "మా నాన్న మంగళవారం రాత్రి దాకా ఇంట్లో ఉంటారు. బుధవారం వస్తాను. తప్పు ఎవరిదో అప్పుడు చెప్తాను."

బుధవారం వస్తే గేటు తియ్యరని ప్రిన్సిపాల్ చెప్పాడు.

"అయితే రోడ్డు మీద నిలబడి చెప్తానండి," అంది.