అక్క పంపిన నలభై ఒక్క నిమిషాలు

బస్సు పోతూనే ఉంది గాని కింద రోడ్డు లేదు, కిటికీల అవతల జీడితోటలు కాసేపు సముద్రంలా, కాసేపు తడి ఇసుకలా మారి మళ్లీ తోటలై వెనక్కి జారిపోతున్నాయి. టికెట్ల మిషను మెడలో వేసుకుని రత్నాలు సీట్ల మధ్య నడుస్తోంది. పదమూడేళ్లుగా టెక్కలికీ పలాసకీ మధ్య కండక్టరు పని చేస్తున్న మనిషి, అయినా రోడ్డు లేకపోవడం ఆమెకి వింతగా తోచడం లేదు. ఎవరో తవ్వేసి ఉంటారు, సాయంత్రానికి పూడ్చేస్తారు అనుకుంటోంది.

చిట్టచివరి సీటులో అక్క హేమావతి కూర్చుని ఉంది. హేమావతి జ్వరంతో పోయి నాలుగు నెలలైంది. ఆ సంగతి రత్నాలుకి తెలుసు, బస్సులో ఉన్నవాళ్లందరికీ కూడా తెలిసినట్టే ఉంది, కానీ బస్సెక్కిన మనిషిని టికెట్ అడగకుండా వదిలేయడం కుదరదు కదా.

"ఎక్కడికి?" అని రత్నాలు చేతులతోనే అడుగుతుంది. హేమావతికి పుట్టుకతోనే వినపడదు, నోట మాట లేదు. ఆమె మాటలన్నీ చేతుల్లోనే. ఒకే చాప మీద పెరిగిన చెల్లెలికి ఆ భాష నోటి మాటతో పాటే వచ్చింది.

"ఆఖరి దాకా," అంటాయి అక్క చేతులు.

"ఆఖరి స్టాపు పేరేటి?"

"నీకెలాగ తెలుస్తాది? ఎప్పుడూ నాలుగో స్టాపులోనే దిగిపోతావు కదా."

రత్నాలు తల దించుకుంటుంది. ఆ నాలుగేమిటో ఆమెకి తెలుసు. హేమావతికి రాత సరిగ్గా అబ్బలేదు, ఫోను చేతికొచ్చాక గాని ఆమెకి దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే దారి దొరకలేదు. ఇక అప్పట్నుంచీ ఆగలేదు. సోంపేటలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న తనలాంటి నేస్తాలకి పావుగంట, అరగంట వీడియోలు వాట్సాప్‌లో పంపేది, వాళ్లూ అంతేసి పంపేవారు. చెల్లెలికీ పంపేది. రత్నాలు డ్యూటీ మధ్యలో రెండు నిమిషాలు చూసి బొటనవేలి బొమ్మ పెట్టేది. పోవడానికి వారం ముందు అక్క పంపింది నలభై ఒక్క నిమిషాల వీడియో. అందులో రత్నాలు చూసింది నాలుగే.

"చిన్న చిన్నవి పంపమని ఎన్నిసార్లు సెప్పినాను," అంటుంది రత్నాలు. తన చేతులు మొద్దుబారినట్టుగా, నీళ్లలో కదిలినట్టుగా కదులుతున్నాయి. "అంతేసి పొడుగు డ్యూటీలో ఎలా సూడనే?"

"నువ్వు ఫోన్లో గంటసేపు మాట్లాడితే నానెప్పుడైనా నీ నోరు మూసినానా?" హేమావతి ముఖంలో కోపం లేదు. పట్టు ఉంది. "మీకు గంటలు గంటలు. నాకైతే రెండు నిమిషాలా? ఎవరు కొలిసినారది?"

అంతలోనే సీట్లు కిందకి కుంగి పీటలవుతాయి, బస్సు జీడిపప్పు షెడ్డవుతుంది, రెండు వరసల్లో ఆడవాళ్లు వంగి పప్పు మీది పొట్టు తీస్తున్నారు, ఎవరి ముఖమూ స్పష్టంగా లేదు, కానీ వాళ్ల వేళ్లు మాత్రం ఒక్కొక్కటీ తేటగా కనిపిస్తున్నాయి. హేమావతి వాళ్ల మధ్యలో కూర్చుని తనూ పొట్టు తీస్తోంది, అందుకని మాట్లాడడం లేదు. రత్నాలు పిలుస్తుంది, ఆమె తలెత్తి చూస్తుంది, చేతులు ఖాళీ లేవన్నట్టు చూసి మళ్లీ వంగుతుంది. ఆ వంగడం చూస్తుంటే ఎన్నేళ్లు గడిచిపోతున్నాయో రత్నాలుకి తెలియడం లేదు. చివరికి హేమావతి చేతిలోది కింద పెట్టి వేళ్లు దులుపుకుంటుంది.

"సూసినావా? ఈ పని సేసినంతసేపూ నాకు మాట నేదు. అందరూ పాటలు పాడుకుంటా సేసేవోరు. నాను మూగదాన్నయ్యేది ఇక్కడే. ఇంటికెళ్లి, వొండుకుని తిని, చేతులు కడుక్కున్నాక గాని నాకు నోరొచ్చేది కాదు."

"నాకు తోచనే లేదే అక్కా."

"తోచదు. ఇప్పుడైనా సూడు, ఆ చివరి పీట మీదెవులో."

రత్నాలు చూస్తుంది. ఆ పీట మీద తొమ్మిదేళ్ల ఇందు, హేమావతి కూతురు, తల్లిలాగే వినపడని పిల్ల, శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల, స్కూలు గౌనులోనే వంగి కూర్చుంది. పక్కన గురువులు మావయ్య నిలబడి ఉన్నాడు. అక్కచెల్లెళ్లకి మేనమామ. తండ్రి లేని కుటుంబంలో మంచికీ చెడ్డకీ ఆయన మాటే మాట. ఆయన చెయ్యి పిల్ల రెండు చేతుల మీద బరువుగా ఉంది. పోయినేడు పెళ్లిపందిట్లో, నలుగురూ చూస్తున్నారని, ఏదో చెబుతున్న ఇందు చేతులు ఆయన పట్టుకుని కిందకి నొక్కేసిందీ అచ్చం ఇలాగే.

"ఆవేళ నువ్వు పక్కనే ఉన్నావు," అంటుంది హేమావతి.

"పెద్దోడు కదాని ఊరుకున్నాను."

"నానూ ఊరుకున్నాను. నా చేతిలో పళ్లెముంది. అది దించినాక ఇన్నాళ్లూ దాసుకున్నదంతా ఫోను ముందర సెప్పినాను. ముక్కలు సెయ్యమన్నారు. సెయ్యను. కత్తిరించి పంపమన్నారు. కత్తిరించను. నా మాట ఎంత పొడుగుంటే అంతా ఇనాల్సిందే."

రత్నాలు ఏడుస్తూ ముఖం తిప్పుకోబోతుంది. వినపడనివాళ్ల దగ్గర ముఖం తిప్పుకోవడమంటే మాట తుంచేయడమే. హేమావతి కాలెత్తి మడమతో నేల మీద గట్టిగా కొడుతుంది, ఇటు చూడమని, మళ్లీ కొడుతుంది, ఆ అదురు నేలలోంచి పీటలోకి, పీటలోంచి రత్నాలు వెన్నులోకి పాకి దవడ దాకా వస్తుంది.

కళ్లు తెరిచేసరికి చెంప కింద బల్ల అదురుతోంది. టెక్కలి డిపోలో ఆడవాళ్ల విశ్రాంతి గది, మధ్యాహ్నం ఒంటిగంట. శబ్దం రాకుండా పెట్టిన ఫోను బల్ల మీద ఉన్నచోటనే వణుకుతోంది. తెర మీద గురువులు మావయ్య పేరు.

ఎందుకు చేస్తున్నాడో ఆమెకి తెలుసు. తల్లే పోయాక ఇంక హాస్టలెందుకు, ఆడపిల్లని తెచ్చి షెడ్డు పనిలో పెడదామని వారంగా అంటున్నాడు. రత్నాలు ఫోనెత్తలేదు. ఆ వణుకు ఆగేదాకా ఆగి, అక్క వీడియో తెరిచి, నాలుగో నిమిషం నుంచి చూసింది. బయట ఎవరో టీకి పిలిచారు. వెళ్లలేదు. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చినప్పుడల్లా వీడియో ఆపి, తుడుచుకుని, మళ్లీ పెట్టింది. అయ్యాక మావయ్యకి పంపబోతే ఫైలు పెద్దదని ఫోను మొరాయించింది. కుదించి పంపమంటావా అని అడిగింది. రత్నాలు ఒప్పుకోలేదు. పక్క బల్ల మీదున్న కండక్టరు చెప్పినట్టు డాక్యుమెంటులా పెట్టి మొత్తం పంపింది. అది వెళ్లేదాకా కూర్చుని, అప్పుడు ఫోను చేసింది.

"ఏటే, ఎన్నిసార్లు సెయ్యాలి నీకు?" అన్నాడు గురువులు. "పలాస బస్టాండులో ఉన్నాను. శ్రీకాకుళం ఎల్లి ఇందు గుంటని తెచ్చీస్తాను."

"తేవద్దు మావయ్యా."

"ఏటన్నావు?"

"తేవద్దన్నాను. నీకు అక్క వీడియో పంపినాను. ముందది సూడు."

"ఆ చేతులూపుడు నాకేటి తెలుస్తాదే. అంత పొడుగు ఎవుడు సూస్తాడు? అందులో ఏటుందో రెండు ముక్కల్లో సెప్పు."

రత్నాలు లేచి టికెట్ల మిషను మెడలో వేసుకుంది. ఆ మనిషికి ఎదురు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"రెండు ముక్కల్లో సెప్పను. అక్కడే బెంచీ మీద కూకో. నా బస్సు మూడున్నరకి అక్కడికొస్తాది, ముప్పావుగంట ఆగుతాది. నీ పక్కన కూకుని ప్రతి మాటా నాను సెప్తాను. నువ్వు ఇనాల."

ఆయన ఏదో అనబోతుండగా పెట్టేసింది.

మూడున్నరకి గురువులు అక్కడే ఉన్నాడు, ముఖం ముడుచుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని. రత్నాలు పక్కన కూర్చుని ఫోను ఇద్దరికీ మధ్య పట్టుకుని మొదలుపెట్టింది. అక్క చేతులు కదులుతుంటే చెల్లెలి గొంతు చెప్పుకుంటూ పోయింది. శ్రీకాకుళం బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. పెళ్లిపందిట్లో కూతురి చేతుల సంగతి వచ్చినచోట ఆయన కదిలాడు.

"ఇంక సాల్లే అమ్మీ," అన్నాడు నెమ్మదిగా.

"ఇంకా ఉంది మావయ్యా," అంది రత్నాలు, ఫోను కొంచెం ఆయన వైపుకే జరిపి.