చిల్లు చిప్ప

జతలమ్మ రెండు చిప్పల్ని చెవి దగ్గర పెట్టుకుని మూసింది. టక్కుమనలేదు. కీలు దగ్గరి పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే చిన్న చప్పుడొస్తుంది. రాలేదంటే ఆ సంబంధం కుదరనట్టే. కుడిచేతిలోదాన్ని కుప్పలో పడేసి ఇంకోటి అందుకుంది.

తీరం నుంచి బస్తాల్లో వచ్చిన సరుకంతా బల్ల మీద పోసి ఉంది. వేలిగోరంత గవ్వలు, మరమేకుల్లా మెలితిరిగిన పొడుగు గుల్లలు, విసనకర్రల్లా విచ్చుకున్నవి, పైన మట్టిరంగుతో ఉండి లోపల ఊదారంగు దాచుకున్నవి. అన్నీ ఒకప్పుడు ప్రాణమున్న ఇళ్లే. మిగతా ఆడవాళ్లు వాటితో తెరలూ, అద్దాలకి చట్రాలూ చేస్తారు. ఆమెది జతల పని. అలలు విడదీసిన రెండు చిప్పల్ని వెతికి కలిపితే ఉంగరం దాచుకునే బుల్లి డబ్బా అవుతుంది. పైకి అచ్చుగుద్దినట్టున్నా, ఒక చిప్పకి దాని తోడు తప్ప ఇంకేదీ పట్టదు.

అసలు పేరు ఆమె తమ్ముడికైనా గుర్తుందో లేదో. ‘అందరికీ జతలు కుదిర్చి తన చేతికి మాత్రం చిప్ప తెచ్చుకుంది’ అని షెడ్డులో నవ్వుకుంటారు. ఆమె కూడా నవ్వేస్తుంది. సంబంధాలు వచ్చే వయసులో తల్లి మంచం పట్టింది. తల్లి పోయేనాటికి సంబంధాలు రావడం మానేశాయి. ఇప్పుడు తమ్ముడింటి వెనకగదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కంచం. మరదలు చెడ్డదేం కాదు. పలకరిస్తే పలుకుతుంది.

ఎదురు బల్ల దగ్గర మేస్త్రి. దండలు గుచ్చే గవ్వలకి మెషిన్‌తో చిల్లులు పెడతాడు. భార్య పోయిన మనిషి. ఆ మోత చెవుల్ని సగం తినేసింది కాబట్టి మాటలు తక్కువ. ఎప్పుడో కొత్తలో, చక్కటి చిప్పకి గుండ్రటి చిల్లు కనబడితే, నా సరుకు పాడుచేశారని ఆమె ఆయన మీద విరుచుకుపడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, “నాది కాదండీ. మా గురువుగారి పని,” అన్నాడు. సముద్రంలో ఒక జాతి నత్త చిప్ప మీద కూర్చుని, నాలుకతో తొలిచి, లోపలి మాంసం తినేస్తుందట. అప్పట్నుంచీ అలాంటిది దొరికితే చాలు, ఆమె మాట్లాడకుండా బల్ల మీదుగా అటు జరిపేది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని నవ్వేవాడు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నది ఆ మాత్రమే. అయినా ఇంటికెళ్లాక కంచం ముందు కూర్చుని ఆమె ఒక్కతే నవ్వుకున్న రోజులున్నాయి.

ఈరోజుతో ఆయన పని మానేస్తున్నాడు. చూపు మందగించి, మొన్న గవ్వకి బదులు వేలికి చిల్లు పెట్టుకున్నాడు. వేరే ఊళ్లో ఉన్న అన్నకొడుకు వచ్చెయ్యమన్నాడట. సాయంత్రమే బస్సు.

మానేసేవాళ్లకి జతలమ్మ ఒక జత ఇవ్వడం షెడ్డులో ఆనవాయితీ. ఆయన కోసం ఎప్పుడో ఏరి పెట్టింది, లేతగులాబీ రంగు జత, ఒక చిప్పకి గురువుగారి చిల్లు ఉన్నది. తీరా పొట్లం కడుతుంటే ఒక ఆలోచన వచ్చి, ఈ వయసులో చెవులు వేడెక్కాయి. చిల్లు చిప్ప ఆయనకి, నిండు చిప్ప తనకి. ఇన్నేళ్లు చిప్పలతో బతికిన మనిషికి విడమరిచి చెప్పాలా? ఆగిపొమ్మనే హక్కు తనకి లేదు. అర్థమైందన్నట్టు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే చాలు.

పొద్దు వాలాక ఆయన మెషిన్ మీద గుడ్డ కప్పి, అందరి దగ్గరా సెలవు తీసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె పొట్లం చేతిలో పెట్టి, దార్లో చూడమంది. వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా చెబితే షెడ్డంతా తిరిగి చూసింది.

“ఏం లేదు. జాగ్రత్తండీ,” అంది.

“మీరూ జాగ్రత్త, జతలమ్మగారూ. కళ్లు చూపించుకోండి.” పొట్లం చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అందరూ ఇళ్లకి వెళ్లినా ఆమె కుప్ప ముందే కూర్చుంది. చేతులు ఏరుతున్నాయి గానీ ఏదీ కుదరడం లేదు. బస్సు హారన్ వినిపించింది. కాసేపటికి గుమ్మంలో అడుగుల చప్పుడైంది. ఆమె కొంగు సర్దుకుంది.

వచ్చింది గేటు కాపలా అతను. చేతిలో అదే పొట్లం.

“మేస్త్రిగారు బస్సు ఆపించి మరీ ఇచ్చారమ్మా. ఇందులో ఒకటే ఉందట. ‘ఎన్నడూ పొరబడని మనిషి, పాపం, రేపంతా దీని తోడు కోసం వెతుక్కుంటుంది, వెంటనే ఇచ్చెయ్’ అన్నారు.”

“బస్సు వెళ్లిపోయిందా?”

“వెళ్లిపోయిందమ్మా.”

ఎంత మంచివాడు, అనుకుంది. ఆ మంచితనాన్ని తిట్టుకోవడానికి కూడా లేదు. అతను వెళ్లేదాకా ఆగి, సంచిలోంచి నిండు చిప్ప తీసి, రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుని మూసింది. టక్కుమంది. అప్పుడు ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని, ఆ జతని ఎదురు బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి ఇంటికి బయల్దేరింది. గుడ్డ కప్పిన మెషిన్ పక్కన, గట్టిగా మూసుకున్న చిప్ప, మీద గుండ్రటి చిన్న చిల్లు.