పెద్దమ్మ మోచేతి కింద

గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, చెప్పుల జత తల కింద సర్దుకుని, కెమెరాను రొమ్ము మీద నిలబెట్టి అతను ఎండ కోసం కాచుకున్నాడు. పైన పెద్దమ్మ మోచెయ్యి. ఐదు నిలువుల రాతి మనిషి ఆవిడ. అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ ఈ పాత శిల్పాల ఆవరణలో పనివాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టు కుడిచెయ్యి ముందుకు చాచి ఉంటుంది. ఆ అరచేతిలో పసిబిడ్డను హాయిగా పడుకోబెట్టవచ్చు.

ఏడున్నర దాటగానే ఎండ ప్రహరీ మీంచి ఏటవాలుగా జారి చేతి అడుగున పొడవునా పాకింది. ఇది పది నిమిషాల భాగ్యం. ఆ పది నిమిషాల్లోనే రాతి మీది ప్రతి ముడతా, ప్రతి ఉలిగంటూ తన పక్కన నీడ వేసుకుని పైకి లేస్తుంది. తర్వాత ఎండ నెత్తికెక్కితే చేతి కింద అంతా ఒకటే మసక, ఒకటే నునుపు. రాయి కూడా పెద్దమనుషుల్లాంటిదే, మధ్యాహ్నానికి మాట మారుస్తుంది అంటాడతను.

ఊపిరి బిగబట్టి నొక్కాడు. మోచేతి మడతలో మొదలై ముంజేతిని చుట్టి వచ్చే గీత. మూడేళ్ళ కింద అది వెంట్రుక. పోయినేడాది దారం. ఇవాళ పురికొస.

"చచ్చినోళ్ళు" అని పళ్ళు నూరాడు. తిట్టింది రాతిని కాదు.

మూడేళ్ళుగా మూడు నెలలకోసారి ఈ గీతను ఫోటో తీసి ఆఫీసులో ఇస్తున్నాడు. 'వెడల్పవుతోంది, కింద ఎవరినీ కూర్చోనివ్వకండి' అని కాగితం మీద రాసి మరీ ఇస్తున్నాడు. గోడకు చెప్పుకున్నా ఈపాటికి ఒక పెచ్చయినా రాలేది.

"బాబాయ్, లేస్తావా? ఊయల కట్టుకోవాలి."

ఊడ్చే అమ్మాయి. చంకలో ఏడు నెలల పాప, భుజాన పాత చీర, రెండో చేతిలో చీపురు. పెద్దమ్మ ఒంటి నీడా చేతి నీడా కలిసే చోట నాలుగు ఇనప స్తంభాలున్నాయి. ఆవరణ మొత్తంలో రోజంతా నీడ ఉండే చోటు అదొక్కటే. పది దాటితే చూడ్డానికొచ్చిన తల్లులందరూ పిల్లలకు పాలు పట్టడానికి అక్కడికే చేరతారు.

"ఇక్కడ వద్దన్నానా?" అన్నాడు లేవకుండానే.

"ఇక్కడ కాకపోతే ఎక్కడ కట్టను? నీ మెడకా?"

"గేటు పక్క గదిలో పడుకోబెట్టు."

"ఆ రేకుల గదిలోనా? నిన్న గంటసేపు ఉంచితే ఇదిగో, చూడు." పాప గడ్డం పైకెత్తి చూపించింది. మెడ మడతలో చెమటకాయలు ఎర్రగా లేచి ఉన్నాయి. "రాత్రంతా ఏడుస్తూనే ఉంది."

"పైన పగులుందమ్మాయ్."

"సార్‌ని అడిగాను. ఏమీ లేదన్నారు. ఆయన బోలెడు చదువుకున్నారు, నాది ఐదో తరగతి. నేనెవరి మాట వినాలి? దీనికి చీమ కుట్టకుండా చూడాలా, ఎండ తగలకుండా చూడాలా, పాలు చాలాయో లేదో చూడాలా? ఇప్పుడు రాయి కూడా నేనే చూడాలా?"

 అతను మోకాళ్ళు పట్టుకుని, మూడు విడతలుగా లేచాడు. ఆమె చీర ముడి బిగించి, రెండుసార్లు లాగి చూసుకుని, తన చేతి బరువు వేసి ఇంకోసారి చూసుకుని, అప్పుడు పాపను అందులో వేసింది. అంత జాగ్రత్త గల పిల్ల. ఆ ఊయలకు సరిగ్గా నెత్తిన ఆ గీత. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. చూడ్డానికొచ్చినవాళ్ళు బొమ్మల మొహాలు తీసుకుంటారు. ఇతను తీసేది మెడల వెనక పట్టిన నాచు, చంకల్లో తేనెపట్టు, ముక్కు రంధ్రాల్లో పిచ్చుక గూళ్ళు, మడమల కింద ఉప్పు తేలిన పొరలు. రాతికి ఎక్కడ జబ్బు చేసిందో చెప్పడమే ఉద్యోగం. నిచ్చెన మీంచి వేలాడి, గుంటలో దిగి, ఎక్కువగా ఇలా నేల మీద పడుకుని తీస్తాడు. అందుకే అందరికీ వెల్లకిల బాబాయ్ అయ్యాడు. ఒకసారి మేనకోడలి పెళ్ళికి ఫోటోలు తీయమంటే అలవాటు కొద్దీ అన్నీ కింది నుంచి తీశాడు. "మా వియ్యాలవారి గడ్డాలు భలే ఉన్నాయి తమ్ముడూ, మొహాలెప్పుడిస్తావు?" అని వాళ్ళక్క ఇప్పటికీ అడుగుతుంది. మెడ పైకే బిగుసుకుపోయింది. కంచంలోకి చూడాలంటే నడుం వంచాలి. "నా వైపు చూడమంటే నేను అటక ఎక్కాలి" అంటుంది భార్య.

తొమ్మిదింటికి ఆఫీసు తెరిచారు. కెమెరా కార్డు కంప్యూటరమ్మాయికిచ్చి, అది ఖాళీ చేసి తిరిగిచ్చేదాకా వరండాలో నిలబడ్డం అతనికి అలవాటు. ఇవాళ గోడకు కొత్త పటం వేలాడుతోంది. మనిషంత ఎత్తు, అద్దం బిగించి ఉంది. పెద్దమ్మ చెయ్యి, కింది నుంచి, పొద్దుటి ఎండలో. తను తీసిందే. ఎవరో దాన్ని మెచ్చుకుని పెద్దది చేయించారు. అతనికి ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది.

తర్వాత దగ్గరికెళ్ళాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మోచెయ్యి వెన్నముద్దలా ఉంది.

"అమ్మాయ్, ఇందులో గీత ఏది?"

ఆమె కుర్చీలోంచి తల బయటికి పెట్టి నవ్వింది. "బాగొచ్చింది కదంకుల్? మీ ఫోటోల్లో ఎప్పుడూ అక్కడే గీత పడుతుంది. లెన్సు గీసుకుపోయిందేమో అని నేనే తుడిచేస్తుంటా."

"ఎన్ని తుడిచావు?"

"అన్నీ. చేరినప్పటి నుంచి. మూడేళ్ళవీ."

"అసలువి?"

"వాటి మీదే సేవ్ చేశాను" అంది. అప్పటికి ఆమె నవ్వు ఆగిపోయింది.

అతని అరచెయ్యి బల్ల మీద పడింది. టీ గ్లాసు ఎగిరి కింద పడి దొర్లింది. "అది లెన్సు కాదే! రాయి పగులు! పన్నెండు ఫోటోలు! పన్నెండుసార్లు రాసిచ్చాను!"

"నాకెవరూ చెప్పలేదంకుల్." ఆమె వంగి గ్లాసు తీసింది. "మీ కాగితాలు సార్ బల్ల మీదికెళ్తాయి, ఫోటోలు నా దగ్గరికొస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెవరూ లేరు."

నిజమే చెప్పింది. అందుకే ఇంకా మండింది. తిట్టడానికి ఒక దుర్మార్గుడైనా దొరికితే కొంత తగ్గును. దొరికింది ఇరవై మూడేళ్ళ పిల్ల, శుభ్రంగా పనిచేసిన పిల్ల.

అతను బతిమాలితే ఆఫీసరు పన్నెండున్నరకు గొడుగేసుకుని వచ్చాడు. చేతి నీడకు నాలుగడుగుల అవతలే ఆగి పైకి చూశాడు. నీడలో ఊడ్చే అమ్మాయి ఊయల ఊపుతోంది. పక్కన ముగ్గురు తల్లులు కొంగులు కప్పుకుని కూర్చున్నారు.

"ఏదయ్యా?"

"ఇప్పుడు కనపడదు సార్. పొద్దున ఏడున్నరకు రండి."

"ఏడున్నరకు రావడానికి నేనేమైనా పాలవాణ్ణా?"

"పొద్దున తీశాను సార్, ఫోటో చూడండి. కనీసం తాళ్ళయినా కట్టించండి. కింద పసిపిల్లలున్నారు."

ఆఫీసరు గొంతు తగ్గించాడు. తగ్గించినా రాతి గోడల మధ్య మాట దాగదు. "చూడు పెద్దాయనా. రికార్డులో మూడేళ్ళుగా చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. ఇవాళ పగులుందని నేను రాస్తే, మూడేళ్ళు గాడిదలు కాశావా అని నన్నడుగుతారు. తుడిచింది తుడిచినట్టుండనీ. వచ్చే వారం పెద్దవాళ్ళొస్తున్నారు. తాళ్ళూ గుడ్డలూ కట్టి వికారం చెయ్యకు."

"పడితే సార్?"

"ఎన్ని వందల ఏళ్ళు నిలబడింది! నీ నోటి చలవతో పడాలి" అని వెళ్ళిపోయాడు.

ఊయల ఆగింది. ఊడ్చే అమ్మాయి ఆఫీసరు నడిచిన దారినే చూస్తోంది. ఎండ నేలను పెనంలా కాలుస్తోంది. గొడుగు చిన్నది, ఆయన వీపంతా చెమట.

"బాబాయ్, ఇంత నీడ పెట్టుకుని సార్ ఎండలోనే నిలబడ్డారేం?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. ఒక్క ఉదుటున పాపను ఊయల్లోంచి తీసి గుండెకు అదుముకుంది. నిద్ర చెడి పాప కేర్‌మంది. "ఏమీ లేదన్నాడే! నా మొహం మీదే అన్నాడే!" అని ఆమె ఎవరితోనూ కాకుండా అంటూనే ఉంది. తల్లుల్లో ఇద్దరు లేచారు. మూడో ఆవిడ బిడ్డ పాలు తాగుతూ నిద్రపోతోంది. కదలడానికి ఆవిడకు మనసొప్పలేదు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అతనికి యాభై ఎనిమిదో ఏట తెలిసింది. తిన్నగా వరండాలోకి వెళ్ళి, మనిషంత పటాన్ని గోడ మీంచి దించి, మెట్టు అంచుకేసి కొట్టాడు. ఆఫీసంతా గుమ్మంలోకొచ్చింది. ఎవరూ దగ్గరికి రాలేదు. పెంకుల్లో ఏరి ఏరి, వేలెడు వెడల్పూ జానెడు పొడుగూ ఉన్న గాజు ముక్క ఒకటి తీసుకున్నాడు. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలి రాతిపనివాడు చెప్పాడు: పగులుకు అడ్డంగా గాజు అతికించు, రెండు చివర్లా సిమెంటు పెట్టు. రాయి కదలకపోతే గాజు ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా విరుగుతుంది. గాజుకు మొహమాటం లేదు.

మరమ్మతుల గదిలో సిమెంటు కలుపుకుని, రెండు నిచ్చెనలు ఒకటిగా కట్టి చేతికి ఆనించాడు. కంప్యూటరమ్మాయి వచ్చి నిచ్చెన కాళ్ళు పట్టుకుంది. ఏడ్చినట్టుంది, కాటుక చెంపలకంటింది.

"వెళ్ళి నీ పని చూసుకో. తుడవాల్సినవి ఉంటాయి."

"తిట్టండంకుల్. పట్టుకోనివ్వండి."

రెండు మెట్లెక్కాక ఆమె పిలిచింది. సంచిలోంచి ఎర్రటి గోళ్ళరంగు సీసా తీసి అందించింది. "తేదీ వేయండి. ఎప్పుడు అతికించారో ఎవరూ కాదనకుండా."

అతను ఒక మెట్టు దిగి చెయ్యి చాచాడు. సీసా జేబులో వేసుకున్నాడు.

పదహారు అడుగులు ఎక్కడానికి నాలుగుసార్లు ఆగాల్సి వచ్చింది. ఎడమచెయ్యి లాగుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు పైకెత్తి పట్టుకున్న చెయ్యి లాగక ఏం చేస్తుంది అనుకున్నాడు. గీత మీద అడ్డంగా గాజు పెట్టి, రెండు కొసలా సిమెంటు అద్ది, ఆరేదాకా బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. అంత దగ్గరగా పెద్దమ్మ చేతిని అతను ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎండలో కాగి, జ్వరమొచ్చిన ఒంటిలా ఉంది. గోళ్ళరంగుతో గాజు పొడవునా పెద్ద పెద్ద అంకెలతో తేదీ రాశాడు.

దిగి, ఊడ్చే అమ్మాయికి వేలెత్తి చూపించాడు. "కనిపిస్తోందా, ఎర్రగా?"

"కనిపిస్తోంది."

"రోజూ పొద్దున రాగానే చూడు. దీనికి చదువక్కర్లేదు. ఊయల ఇకపై వెనక వైపు కట్టు, నీడ జరిగినప్పుడల్లా నువ్వూ జరుగు. కష్టమే. గాజు విరిగిన రోజు ఈ కింద ఒక్కరినీ కూర్చోనివ్వకు. సార్‌ని అడక్కు. ఎవర్నీ అడక్కు."

"నా మాట ఎవరు వింటారు బాబాయ్?"

"అరిచి చెప్పు. నాలాగా కాగితాలు రాయకు."

నాలుగింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చాలా రోజుల తర్వాత మెడ కొంచెం కిందికి వాలింది. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి, "పెద్దాయనా, దిగాలి" అన్నాడు. రెండోసారి తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వారం తర్వాత అతని భార్య వచ్చి గోనెపట్టా తీసుకుంది. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ కింద ఆగి, నడుం మీద చెయ్యేసుకుని పైకి చూసింది. "నా మొహం ఒక్కనాడూ తీయలేదు, నీ మోచేతికి మాత్రం తీరిక దొరికింది ఆయనకి" అని, కోపంగా కళ్ళు తుడుచుకుని, గబగబా వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు వచ్చారు, చూశారు, వెళ్ళారు. కొత్త ఫోటోగ్రాఫరు పెద్దమ్మ మొహాన్ని నిలబడే తీశాడు. పగిలిన పటం స్థానంలో, అద్దం లేకుండా, ఇంకో పటం పెట్టారు.

గాజు అతికించిన పన్నెండో రోజు ఏడున్నరకు ఊడ్చే అమ్మాయి పైకి చూసింది. ఏటవాలు ఎండలో రోజూ ఒక్క ముక్కగా మెరిసే గాజు ఇవాళ రెండుచోట్ల మెరిసింది.

పాపను కంప్యూటరమ్మాయి చేతుల్లో పెట్టి, ఆమె చీపురు తిరగేసి పట్టుకుంది. ఊయల కట్టే చీరను నిలువునా చింపింది. ఇంకా చింపింది. ఆ పేలికలన్నీ ముడేసి చేతి నీడ చుట్టూ స్తంభం నుంచి స్తంభానికి కట్టింది. పదింటికి తల్లులొచ్చారు.

"అటు కాదు! అటు పోవద్దు! చెప్తే అర్థం కాదా, చేతుల్లో పిల్లలున్నారు కదా!"

"ఒక్క నిమిషం, పాలు పట్టి..."

"ఒక్క నిమిషం లేదు! లేమ్మా! లే అంటున్నానా!"

ఆమె అరుపుకి ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఆ గుడ్డలు పీకెయ్యమన్నాడు. తనే పీకడానికి వంగాడు కూడా. అన్నీ స్తంభాలకే కట్టి ఉన్నాయి, స్తంభాలు చేతి కిందున్నాయి.

"పీకండి సార్" అంది ఆమె. "లోపలికెళ్ళి పీకండి."

ఆయన పైకి చూశాడు. చుట్టూ ఎండలో బిడ్డల తలల మీద కొంగులు కప్పుకుని ఇరవైమంది ఆడవాళ్ళు ఆయన కాళ్ళ వైపే చూస్తున్నారు. ఆ కాళ్ళు గుడ్డ దాటలేదు.

పైన గాజు రెండు ముక్కలూ దేని సిమెంటును అది పట్టుకుని ఉన్నాయి. ఎర్రటి తేదీలో రోజు ఒక ముక్క మీద, నెల ఇంకో ముక్క మీద. మధ్యలో గోరు దూరేంత చీకటి.