తక్కువ కరెంటు పెట్టె

టక్. కాసేపాగి మళ్ళీ టక్. డిస్కులోంచి ఆ చప్పుడు వినగానే నా గుండె జారిపోయింది.

అందులో ఉన్నవి సినిమాలైతే పీడా పోయిందనుకునేదాన్ని. ఉన్నది అమ్మ గొంతు. ఆపరేషనై మాట పోకముందు మా పాపకు ఆవిడ చెప్పిన కథలు, నన్ను తిట్టిన తిట్లు, అన్నీ ఆ ఒక్క పాత డిస్కులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. అది చేద్దామనే ఇవాళ ఇంత తతంగం.

అవన్నీ ఇంట్లో ఏ ఫోన్లోనైనా, టీవీలోనైనా పెట్టుకుని వినేలా, ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న సర్వర్ పెట్టాలని నేనే పట్టుబట్టాను. మా ఆయన పాత కంప్యూటర్ వాడదామన్నారు. అది కరెంటు తాగేస్తుందని కొట్టిపారేశాను. మా పుట్టింటి జబ్బు అది. స్విచ్ ఆపకుండా గది దాటం. అమ్మ పెంపకం అలాంటిది. అందుకే వెతికి వెతికి అరచేతిలో పట్టే పెట్టె తెచ్చాను. డిస్కులకు విడిగా కరెంటిచ్చే అడాప్టరున్న స్టాండు కూడా కొనమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు.

"ఇంకో ప్లగ్గా? ఏం అక్కర్లేదు!" అన్నాను.

పాత డిస్కు పెట్టెకు తగిలించాను, బాగానే తిరిగింది. పక్కనే కాపీ కోసం కొన్న కొత్తది తగిలించి కాపీ మొదలుపెట్టాను. అప్పుడు మొదలైంది ఈ టక్ టక్.

"ఏంటా చప్పుడు?" అన్నారు ఆయన వంటింట్లోంచి వస్తూ.

"మీరు కాసేపు నోరు మూసుకోండి!"

భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది. రెండు డిస్కులూ పీకేశాను. కుర్చీలో కూర్చున్న అమ్మ ఏమైందన్నట్టు కనుబొమలెగరేసింది.

"ఏం లేదమ్మా," అన్నాను. ఆ డిస్కు పోతే ఆవిడ ముఖం ఎలా చూడాలి? పాపకు ఏ గొంతు వినిపించాలి?

ఆయన నెమ్మదిగా అడిగారు. "ఒక్కటే ఉన్నప్పుడు బాగానే తిరిగిందిగా?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. కరెంటు మిగల్చాలని నేను తెచ్చిన ఆ బుల్లి పెట్టె రెండు డిస్కులకు సరిపడా కరెంటు ఇవ్వలేక చచ్చింది. నేను చెప్పానా అని ఆయన అనలేదు, అదే పదివేలు. కానీ అలా కొట్టుకున్న డిస్కు మళ్ళీ లేస్తుందని ఎవరు చెప్పగలరు?

పాత కంప్యూటర్ ఆన్ చేసి, పాత డిస్కొక్కటే దానికి తగిలించాను. చప్పుడు లేదు. చూడటానికి ధైర్యం చాలక కళ్ళు మూసుకున్నాను. డిస్కు సన్నగా గుయ్యిమంది. ఫైళ్ళు కనిపిస్తున్నాయన్నారు ఆయన. చేతికందిన ఫైలు నొక్కాను.

"ఒసేయ్, ఆ గదిలో ఫ్యాను ఎవరికోసం తిరుగుతోందే? గోడలకేమన్నా ఉక్కపోస్తోందా?"

నేను భోరున ఏడ్చేశాను. అమ్మ మెడ మీద ఆపరేషన్ మచ్చను తడుముకుంటూ వింది. ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

కొత్త డిస్కు కూడా ఆ కంప్యూటర్‌కే తగిలించి, కాపీ మొత్తం ఎక్కేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు నేను. అయిపోయాక కొత్త డిస్కులోనూ ఆ తిట్టే విని చూసుకుని, హమ్మయ్య అని లేచాను. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే గోడమీద కంప్యూటర్ స్విచ్ వైపు వెళ్ళింది.

అమ్మ గబుక్కున లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆపొద్దని తల అడ్డంగా ఊపింది.